అమరోనే వైన్‌కి తగ్గ భోజనం ఎలా సిద్ధం చేయాలి

వంట అయ్యాక దానికి ఏ వైన్ సరిపోతుందా అని వెతుక్కోవడం మామూలు పద్ధతి. అమరోనే దగ్గర ఈ లెక్క తిరగేయాలి. ముందు సీసా తెచ్చుకోండి, దాన్ని బట్టి ఏం వండాలో తేల్చుకోండి. 15, 16 శాతం ఆల్కహాల్, చిక్కటి రంగు, నోరంతా పట్టేసే రుచి ఉన్న వైన్ ఇది. పళ్ళెంలో దానికి సమఉజ్జీ లేకపోతే భోజనం ఏం చేశారో కూడా ఎవరికీ గుర్తుండదు.

ఉత్తర ఇటలీలో వెరోనా ఊరికి పక్కనే, గార్దా సరస్సుకూ లెస్సీనీ కొండలకూ మధ్య వాల్పొలిచెల్లా అనే ప్రాంతం ఉంది. అమరోనే పుట్టిల్లు అదే. దీనికి వాడే ద్రాక్షల్లో ముఖ్యమైనవి కొర్వీనా, కొర్వినోనే, రొండినెల్లా. ఇవే ద్రాక్షలతో అక్కడ తేలికపాటి వైన్ కూడా చేస్తారు. తేడా అంతా కోత అయ్యాక జరిగే పనిలో ఉంది. సెప్టెంబరు, అక్టోబరులో కోసిన గుత్తుల్ని వెంటనే నలపరు. గాలి బాగా ఆడే అటకల మీద, పెద్ద పెద్ద గదుల్లో పలచగా పరిచి మూడు నాలుగు నెలలు వదిలేస్తారు. మనం ఒరుగులు పెట్టినట్టే, కాకపోతే ఎండలో కాదు, నీడలో, చలిగాలిలో. ఒకప్పుడు అక్కడి రైతులు పట్టుపురుగుల్ని పెంచిన తడికల మీదే ద్రాక్షను కూడా ఆరబెట్టేవారు. ఇప్పుడు చాలా చోట్ల ప్లాస్టిక్ ట్రేలు వచ్చేశాయి.

ఆరేసరికి గుత్తి బరువు 30, 40 శాతం తగ్గిపోతుంది. నీరు పోయి చక్కెర, పులుపు, వగరు మిగులుతాయి. జనవరి ప్రాంతంలో, బయట గడ్డకట్టే చలిలో, ఆ ముడతలు పడ్డ పళ్ళను నలిపి పులియబెడతారు. చలికి పులవడం నెమ్మదిగా సాగుతుంది. అయినా ఈస్ట్ ఆ చక్కెరలో దాదాపు అంతటినీ తినేసి ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. 100 కిలోల పచ్చి ద్రాక్ష నుంచి వచ్చే అమరోనే 40 లీటర్లకు మించదు. మామూలు వైన్ అయితే 70 లీటర్ల దాకా వస్తుంది. ధర ఎందుకంత ఉంటుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఈస్ట్ మధ్యలో ఆగిపోయి చక్కెర మిగిలితే అది రెచోటో, తియ్యటి వైన్. ఆ ప్రాంతంలో పాతది అదే. ఆరో శతాబ్దంలో ఇటలీని ఏలిన థియోడరిక్ రాజు దగ్గర మంత్రిగా ఉన్న కస్సియోడోరస్ వెరోనా వైపు ఎండు ద్రాక్షతో చేసే వైన్‌ని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. అమరోనే మాత్రం నిన్న మొన్నటిది. నెగ్రార్ సహకార సంఘం సెల్లార్‌లో మరిచిపోయిన ఒక రెచోటో పీపా తీపంతా పోయేదాకా పులిసిపోయిందనీ, 1936లో దాన్ని రుచి చూశాకే ఈ పేరు పుట్టిందనీ అక్కడ చెప్పుకుంటారు. ఇటలీ ఇచ్చే అత్యున్నత గుర్తింపు డీఓసీజీ దీనికి 2010లో దక్కింది.

సీసా ఎంచుకోవడం

మన ఊళ్ళల్లో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కాబట్టి దీని కోసం పెద్ద ఊళ్ళలోని దిగుమతి మద్యం షాపులకో, ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీకో వెళ్ళాల్సి వస్తుంది. అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటే ఈ ఇబ్బంది లేదు, కాస్త పెద్ద వైన్ షాపు ఏదైనా చాలు.

లేబుల్ మీద ‘అమరోనే దెల్లా వాల్పొలిచెల్లా’ అని పూర్తిగా ఉండాలి. ఒక్క ‘వాల్పొలిచెల్లా’ అని మాత్రమే ఉంటే అది తేలిక వైన్. ‘రిపాస్సో’ అని ఉంటే ఆ తేలిక వైన్‌నే అమరోనే తీసేశాక మిగిలిన పిప్పి మీద పోసి మళ్ళీ పులియబెట్టారని అర్థం. రిపాస్సో చెడ్డది కాదు, ధర కూడా చాలా తక్కువ. మొదటిసారి ఈ రుచి ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్ళు దానితో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ‘రెచోటో’ అని ఉంటే మాత్రం ఆగండి, అది తియ్యటిది, మాంసంతో కుదరదు.

‘క్లాసికో’ అంటే ఫుమానే, మరానో, నెగ్రార్, సాన్ పియెత్రో ఇన్ కరియానో, సాంత్ అంబ్రోజో అనే ఐదు ఊళ్ళ పాత ప్రాంతం. ‘రిజర్వా’ అంటే ఎక్కువ కాలం మాగబెట్టినది. మామూలు అమరోనేకి కనీసం రెండేళ్ళు, రిజర్వాకి నాలుగేళ్ళు మాగాలని నియమం. నిజమైన సీసాకి బిరడా దగ్గర సీరియల్ నంబరుతో ప్రభుత్వ పట్టీ ఉంటుంది.

ఏడాది సంగతికొస్తే, 2014లో వానలు పడి అక్కడ ఇబ్బందైంది. 2015, 2016 బాగా పండిన ఏళ్ళు. తయారీదారుల్లో బెర్తాని పాత పద్ధతిలో పెద్ద పీపాల్లో ఏళ్ళ తరబడి మాగబెట్టే సంస్థ. అల్లెగ్రీని, మాజి, తొమ్మాజి, జెనాతో అనే సంస్థల సీసాలు చాలా దేశాల్లో దొరుకుతాయి. క్వింతరెల్లి, దాల్ ఫోర్నో పేర్లు వింటే వైన్ పిచ్చి ఉన్నవాళ్ళ కళ్ళు మెరుస్తాయి కానీ వాటి ధరలు మన ఊహకు అందేవి కావు. సూపర్‌మార్కెట్‌లో మరీ చవగ్గా కనబడ్డ అమరోనే కన్నా అదే ధరకి మంచి రిపాస్సో కొనుక్కోవడం తెలివైన పని.

వేడి, గాలి, గ్లాసు

రెడ్ వైన్ గది వేడిమిలో తాగాలి అనే మాట యూరప్‌లో రాతి గోడల ఇళ్ళలో పుట్టింది. మే నెలలో విజయవాడ గదికి అది వర్తించదు. అమరోనేకి 16 నుంచి 18 డిగ్రీలు కావాలి. వేడెక్కితే ముందు ఆల్కహాల్ ఘాటే ముక్కుకి కొడుతుంది, మిగతా వాసనలన్నీ దాని వెనక దాక్కుంటాయి. మన వేసవిలో సీసాను గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి. టైమ్ లేకపోతే ఐస్, నీళ్ళు కలిపిన బకెట్లో 10, 15 నిమిషాలు చాలు. ఉత్త ఐస్ గడ్డలు కాదు, నీళ్ళు కూడా ఉండాలి, అప్పుడే సీసా చుట్టూ సమంగా చల్లబడుతుంది. చేత్తో పట్టుకుంటే చల్లగా తగలాలి, కానీ గాజు మీద నీటి చెమ్మ కారేంత వద్దు.

వయసు తక్కువ సీసాని, అంటే పదేళ్ళ లోపుది, వడ్డించడానికి రెండు గంటల ముందు తెరిచి వెడల్పాటి గాజు జగ్గులోకి ఒంపండి. బిరడా తీసి సీసాని అలా వదిలేస్తే ఏమీ ఒరగదు, ఆ సన్న మెడలోంచి లోపలికి గాలి పోదు. పదిహేను, ఇరవై ఏళ్ళదైతే ముందు రోజే నిలబెట్టి ఉంచండి, అడుగున మడ్డి దిగుతుంది. తెరిచాక నెమ్మదిగా ఒంపి మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపండి. అంత పాతదాన్ని గంటల తరబడి గాలికి పెడితే ఉన్న వాసన కూడా పోతుంది, వెంటనే వడ్డించేయండి.

పెద్ద గిన్నె లాంటి గ్లాసు తీసుకుని అందులో 100 మిల్లీలీటర్లు మాత్రమే పోయండి. మరీ తక్కువ పోశారేమిటి అని ఎవరైనా అంటే లెక్క చెప్పండి: 12 శాతం వైన్ సీసాలో 90 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటే 16 శాతం అమరోనే సీసాలో 120 ఉంటుంది. మూడో వంతు ఎక్కువ. నాలుగు సీసాలు తాగినంత నిషా మూడు సీసాల్లోనే వస్తుందన్నమాట. తాగినవాళ్ళకి ఇంటికి క్యాబ్ ముందే మాట్లాడి ఉంచండి.

ఏది నప్పుతుంది, ఏది నప్పదు

మొదటి గుక్కలో ఎండు చెర్రీ, కిస్మిస్, ప్రూన్ పండు. కాసేపటికి చాక్లెట్, పొగాకు, దాల్చిన చెక్క. చక్కెర పెద్దగా లేకపోయినా తియ్యగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది, చివర్లో చిన్న చేదు తగులుతుంది. ఇలాంటిదాని ముందు నిలబడాలంటే వంటలో కొవ్వు ఉండాలి, ఉప్పు ఉండాలి, గంటల తరబడి సన్న మంట మీద ఉడికిన లోతు ఉండాలి. వగరుని కొవ్వు, మాంసం నెమ్మదింపజేస్తాయి. ఆల్కహాల్ వేడిని ఉప్పు, చీజ్ కొంత మింగేస్తాయి.

వెరోనా వాళ్ళు వండేవి చూస్తే ఇదే కనబడుతుంది. గొడ్డు మాంసాన్ని ఈ వైన్‌లోనే ఉడికించే బ్రజాటో. బాతు మాంసంతో బిగొలి అనే లావుపాటి పాస్తా. అడవి పంది, దుప్పి మాంసం, పక్కన మొక్కజొన్న రవ్వతో చేసే పొలెంటా. పాస్తిస్సాదా దె కవాల్ అనే గుర్రపు మాంసం కూర కూడా ఉంది. క్రీ.శ. 489లో ఆ థియోడరిక్ సేనలు, అప్పటికి ఇటలీని ఏలుతున్న ఓడోఆకర్ సేనలు వెరోనా దగ్గర తలపడినప్పుడు చచ్చిపడ్డ గుర్రాలను పారేయలేక జనం వైన్‌లో, మసాలాల్లో నానబెట్టి వండుకున్నారని కథ. నిజమో కాదో కానీ లవంగం, దాల్చిన చెక్క పడే ఆ కూరకి అమరోనే కంటే మంచి జోడీ దొరకదు.

మాంసం తిననివాళ్ళు నిరాశపడక్కర్లేదు. ఎండబెట్టిన పోర్చీనీ పుట్టగొడుగులు, నిప్పుల మీద కాల్చిన చేదు రడిక్కియో ఆకు, అక్రోట్లు, రెండేళ్ళు పైబడి మాగిన పార్మిజానో చీజ్. లెస్సీనీ కొండల మీద తయారయ్యే మోంటే వెరోనేజే చీజ్ ముదురుది దొరికితే అదృష్టమే. నీలి చారల గోర్గొంజోలా చీజ్ మీద చుక్క తేనె వేసి తింటూ అమరోనే తాగడం చాలామంది ఇష్టపడతారు. నన్నడిగితే భోజనం అంతా అయ్యాక ఒక్క చీజ్ పళ్ళెంతో ఈ వైన్ తాగడమే అసలైన సుఖం.

ఇక మన వంటలు. గుంటూరు కారంతో చేసిన మటన్ వేపుడు పక్కన ఇది పెట్టొద్దు. ఎక్కువ ఆల్కహాల్ కారాన్ని ఎగదోస్తుంది, నాలుక మండిపోయి రెండింటి రుచీ తెలియదు. చింతపండు పులుసు కలిస్తే వైన్ చప్పబడుతుంది. చేపలకి ఈ వగరు తగిలితే నోట్లో లోహం నాకినట్టు ఉంటుంది. మిరియాలు, ధనియాలు, గరం మసాలాతో, మిరపకాయ చాలా తక్కువ వేసి, నెమ్మదిగా ఉడికించిన మేక కాళ్ళ పై ముక్కలు అయితే కుదురుతాయి. అంతకు మించి బలవంతం చేయక్కర్లేదు, పులుసుల పక్కన చల్లటి బీరు ఉండనే ఉంది.

అమరోనే రిసోటో, దశలవారీగా

ఈ వైన్‌తో ఒక్క వంటే చేయాలంటే ఇది చేయండి. రిసోటో అంటే సూప్ కొంచెం కొంచెంగా పోస్తూ చిక్కగా ఉడికించే ఇటలీ బియ్యం వంట. వెరోనాకి దక్షిణాన ఇజోలా దెల్లా స్కాలా అనే ఊరి చుట్టూ వరి పండుతుంది. అక్కడి వియలోనే నానో అనే గుండ్రటి బియ్యం దీనికి శ్రేష్ఠం. దొరక్కపోతే అర్బోరియో చాలు, మన పెద్ద సూపర్‌మార్కెట్లలో కూడా ఉంటుంది. సోనా మసూరితో ప్రయత్నించొద్దు, ఆ చిక్కటి గంజి దిగదు.

నలుగురికి 320 గ్రాముల బియ్యం, 350 మిల్లీలీటర్ల వైన్, లీటరుంపావు ఎముకల సూప్, చిన్న ఉల్లిపాయ, 70 గ్రాముల వెన్న, 70 గ్రాముల తురిమిన ముదురు చీజ్. నల్లి ఎముకలోని మూలుగ రెండు చెంచాలు ఉంటే మరీ మంచిది. వైన్ మొత్తం అమరోనే పోయనక్కర్లేదు. 250 మిల్లీలీటర్లు రిపాస్సో లేదా మామూలు వాల్పొలిచెల్లా, చివర్లో 100 అమరోనే. అక్కడి హోటళ్ళ వాళ్ళు ఇది ఒప్పుకోరు, మొత్తం అమరోనేనే పోస్తారు. కానీ పొయ్యి మీద ఎగిరిపోయే వాసనకి అంత డబ్బు పెట్టడం నాకు మనస్కరించదు.

బియ్యం కడగొద్దు. తెలుగింట్లో పెరిగిన చెయ్యి దానంతట అదే గిన్నెని కుళాయి కిందికి తీసుకుపోతుంది, ఆపుకోండి. రిసోటోని చిక్కబరిచేది ఆ పైపొడే.

సూప్‌ని పక్క పొయ్యి మీద సన్నగా కాగుతూ ఉంచండి. ఇంకో చిన్న గిన్నెలో వైన్‌ని గోరువెచ్చగా చేయండి. చల్లటి వైన్ పోస్తే వేగుతున్న గింజ ఉలిక్కిపడి ఉడకడం ఆగిపోతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సగం వెన్న, మూలుగ కరిగించి సన్నగా తరిగిన ఉల్లిపాయ వేయండి. ఎర్రబడకూడదు, మెత్తబడితే చాలు. ఇప్పుడు బియ్యం పోసి రెండు మూడు నిమిషాలు కలుపుతూ వేయించండి. గింజ అంచులు గాజులా మెరుస్తూ మధ్యలో తెల్ల చుక్క మిగులుతుంది, గరిటెకి తగిలే చప్పుడు కూడా మారి ఇసుకలా గరగరలాడుతుంది. అదే గుర్తు.

రిపాస్సోలో సగం పోయండి. ఒక్కసారిగా బుస్సుమని ఆవిరి లేచి వంటిల్లంతా వైన్ వాసన కొడుతుంది. ఇంకాక మిగతా సగం పోయండి. గిన్నె మీద ముక్కు పెట్టి చూడండి: ఘాటు పోయి పండు వాసన మాత్రమే వస్తుంటే వైన్ ఉడికినట్టు. తొందరపడితే తినేటప్పుడు పచ్చి పులుపు తగులుతుంది. ఈపాటికి గింజలు నేరేడు రంగులోకి తిరుగుతాయి.

ఇక్కడి నుంచి గరిటెడు గరిటెడు వేడి సూప్ పోస్తూ కలపడమే. గిన్నె అడుగున గరిటె గీసిన దారి ఒక్క క్షణం అలాగే నిలిస్తే ఇంకో గరిటె పోయాలని అర్థం. 16 నుంచి 18 నిమిషాలు పడుతుంది. దించడానికి మూడు నిమిషాల ముందు ఆ 100 మిల్లీలీటర్ల అమరోనే పోయండి. గింజ కొరికితే మెత్తగా ఉండి నడుమ చిన్న పలుకు తగలాలి. అన్నం ఉడికినట్టు ఉడికితే దాటిపోయిందన్నమాట.

పొయ్యి ఆపేసి నిమిషం ఆగండి. మిగిలిన వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి చల్లగా ఉండగానే వేయండి, చీజ్ వేయండి, గిన్నె ఊపుతూ గట్టిగా కలపండి. ఉప్పు ఇప్పుడే చూసుకోండి, ముందు వేస్తే చీజ్, ఇగిరిన సూప్ కలిసి ఉప్పు కషాయం అవుతుంది. పళ్ళెంలో పోసి అంచు తడితే అలలా పరుచుకోవాలి. ముద్దలా నిలబడితే ఒక గరిటె సూప్ కలపండి. వెంటనే తినాలి, ఇది ఎవరి కోసమూ ఆగే వంట కాదు.

బ్రజాటో చేయాలనుకుంటే పద్ధతి సులభమే, ఓపికే కావాలి. కిలోన్నర మాంసం, క్యారెట్, ఉల్లి, సెలరీ, బిర్యానీ ఆకు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన ముక్క, సీసాడు వైన్‌లో రాత్రంతా నానాలి. పొద్దున తీసి తుడిచి, నూనెలో అన్ని వైపులా ఎర్రగా కాల్చి, అదే వైన్ పోసి మూతపెట్టి మూడు గంటలు సన్న మంట మీద ఉంచాలి. కుక్కర్‌లో విజిళ్ళతో కానిచ్చేద్దాం అనిపిస్తుంది. మాంసం మెత్తబడుతుంది కానీ గ్రేవీ నీళ్ళలా ఉండిపోతుంది. కుక్కర్ వాడినా మూత తీసి మరో పాతిక నిమిషాలు ఇగరబెట్టండి.

వైన్ వేసి వండితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుందని చాలామంది నమ్మకం. పూర్తిగా పోదు, కొంత మిగులుతుంది. మద్యం ముట్టనివాళ్ళు, గర్భిణులు, పిల్లలు భోజనానికి ఉంటే ముందే చెప్పి వాళ్ళకి వేరేగా వండండి.

వడ్డన వరుసలో ముందు తేలిక వైన్, తర్వాత అమరోనే. అమరోనే తాగాక ఇంకే రెడ్ వైన్ పోసినా నీళ్ళలా అనిపిస్తుంది. చివర్లో తీపి ఏదైనా పెడితే అమరోనే పక్కకి పెట్టేయండి, గులాబ్ జామ్ ముందు అది చేదు మందులా మారుతుంది. డెబ్బై శాతం కోకో ఉన్న నల్ల చాక్లెట్ ముక్క మాత్రం పరవాలేదు. అసలు తీపికి జోడీ కావాలంటే రెచోటో కొనండి.

సీసాలో మిగిలితే జగ్గులోది తిరిగి సీసాలో పోసి, బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. తేలిక వైన్లు మర్నాటికే నీరసపడతాయి కానీ ఇది మూడు నాలుగు రోజులు తట్టుకుంటుంది, రెండో రోజు ఇంకా మెత్తబడి బాగుంటుంది కూడా. తాగే అరగంట ముందు బయట పెట్టండి. ఐదో రోజు దాటితే తాగడం మానేసి, చెంచాడు పంచదార వేసి సగానికి ఇగరబెట్టి చీజ్ మీద పోసుకోండి.